ఆకలిని నిందింపవచ్చునా?

ఎక్కువ తినువానిని తిండిపోతని పరిహసించుటయు, స్థూలకాయుడైన తోడివిద్యార్థికి మారుపేరు పెట్టుటయు మనలో పలువురకు వినోదము. నోరు కట్టుకొనలేనివానికి మనోనిగ్రహము లేదని తీర్పు చెప్పుదుము. ఈ తీర్పు న్యాయము కాదని నా యభిప్రాయము.

ఆకలి కడుపున పుట్టునని మన మనుకొందుము. కాని కడుపు వార్తాహరుడు, ఏలిక మెదడు. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న భాగము కలదు. కడుపు ఖాళీయైనపుడు అందు పుట్టు గ్రెలిన్ అను హార్మోను రక్తమున హెచ్చి, ఆకలిని రేపును. జపాను శాస్త్రజ్ఞులు దీనిని 1999లో కనుగొనిరి. క్రొవ్వునుండి పుట్టు లెప్టిన్ అను హార్మోను దేహమున నిలువ యెంత యున్నదో మెదడునకు తెలుపుచుండును. దీనిని 1994లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ అను వైద్యుడును ఆయన సహచరులును కనుగొనిరి. నిలువ తగ్గినచో మెదడు ఆకలిని హెచ్చించి, దేహవ్యయమును తగ్గించును.

పుట్టుకతోనే లెప్టిన్ లేనివారు కొందరు కలరు. ఎంత తిన్నను వారికి తృప్తి లేదు. ఇంగ్లండులో అట్టి 9 ఏండ్ల బాలికకు ఆ హార్మోనును సూదిమందుగా నిచ్చిరి. ఆమె యాకలియు బరువును తగ్గెనని 1999లో ప్రకటించిరి. ఆ బాలిక గుణము మారలేదు. లోపించినది సమకూరినది, అంతియే. ఇట్టి లోపము మిక్కిలి యరుదు. అయినను అందరి యాకలియు నొకే బలము గలది కాదని దీనివలన స్పష్టము.

ఇక దృఢచిత్తుల సంగతి చూడుడు. యుద్ధము మనస్సాక్షికి విరుద్ధమని ఆయుధము పట్టనొల్లని 36 మంది అమెరికా యువకులు, మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ పండితుని పరిశోధనకై స్వచ్ఛందముగా వచ్చిరి. 1945లో 24 వారములు వారికి అరకొర యాహారము పెట్టిరి. అట్టివారును నిరంతరము తిండినే తలచిరి. కొందరు వంటపుస్తకములు సేకరింపసాగిరి.

అట్లైన నిగ్రహము వలదా యని యడుగవచ్చును. వలయును. కడుపు నిండిన వార్త మెదడున కందుటకు కొంత కాలము పట్టును. కావున గంట మ్రోగునను తొందరలో అన్నము మ్రింగక, నెమ్మదిగా నమలి తినుట మన చేతిలోని పని. ఆకలి పుట్టుట మన చేతిలో లేదు.

కాబట్టి విద్యార్థులారా, తోటివాని పళ్లెము చూచి నవ్వకుడు. పాఠమున మనసు నిలుపని బాలుని దండింపబోవు పెద్దలును, ముందుగా వాడు తిని వచ్చెనో లేదో అడుగుదురుగాక.