వంగిన మౌంటుతో ఘాట్ దిగొద్దు



ఈ రోజు మన పాత బళ్ల గురించి మాట్లాడుకుందాం. ఇదేం పోస్టు అనుకోకండి, చివరిదాకా చదవండి.

పాడేరు ఐటీడీఏ కింద 11 మండలాలున్నాయి. ఏ ఊరెళ్లినా పాత స్ప్లెండర్ ఒకటైనా కనిపిస్తుంది. హీరో, హోండా కంపెనీలు 2011లోనే విడిపోయాయి. ట్యాంకు మీద 'హీరో హోండా' అని రాసున్న బళ్లు మన ఘాట్ల మీద ఇంకా తిరుగుతున్నాయంటే వాటి వయసెంతో మీరే లెక్కేసుకోండి. సంతకు కాఫీ బస్తా, మిరియాల మూట మోసేది ఆ బండే. చెల్లిని హాస్టల్లో దింపేదీ, అర్ధరాత్రి జ్వరంతో ఉన్న పిల్లాడిని పీహెచ్‌సీకి తీసుకెళ్లేదీ ఆ బండే.

పోయిన వానాకాలం మా ఊరి అన్న ఒకాయన బండికి వెనక ఎడమ షాకబ్జర్ పై మౌంటు వంగింది. కింద ఊళ్లో ఒక షాపుకి తీసుకెళ్తే గ్యాస్‌తో ఎర్రగా కాల్చి, సుత్తితో నాలుగు దెబ్బలేసి "అయిపోయింది, తీసుకెళ్లు" అన్నారు. నెల తిరక్కుండానే ఘాట్ మలుపులో ఆ మౌంటు మొదలంటా ఊడిపోయింది. వెనక వదిన కూర్చునుంది, ఒళ్లో పాప. వేగం తక్కువ కాబట్టి గీరుకుపోయిన గాయాలతో బయటపడ్డారు. అప్పుడు మా కుర్రాళ్లం నలుగురం కూర్చుని, మాలో ఐటీఐ చదివిన తమ్ముడి దగ్గర ఈ పని నేర్చుకున్నాం.

అసలు మౌంటు ఎందుకు వంగుతుంది? చాలామంది గోతుల మీదకే తోసేస్తారు. గోతులు ఒక కారణమే. ఒక పక్క షాకబ్జర్ ఆయిల్ కారిపోయి చచ్చిపోతే బరువు రెండో పక్క మీద పడుతుంది. ఇంకోటి మన అశ్రద్ధ. వాషర్ పడిపోతుంది, బుష్ అరిగిపోతుంది, నట్టు వదులవుతుంది. అప్పుడు షాకబ్జర్ కన్ను మౌంటు కొస వైపు జరుగుతుంది. కావడి కర్రకు బరువు కొసన కడితే ఎక్కువ వంగుతుంది కదా, ఇదీ అంతే. పది రూపాయల వాషర్‌ను పట్టించుకోకపోతే ఫ్రేమే పాడవుతుంది.

కనిపెట్టడం కష్టం కాదు. బండికి డబుల్ స్టాండ్ వేసి వెనక నుంచి చూడండి. రెండు షాకబ్జర్లూ ఒకేలా నిలబడాలి. ఒకటి పక్కకు వాలినా, బుష్ ఒక వైపే అరిగినా అనుమానించాలి. రెండూ విప్పేసి మౌంటు మొదట్లో మట్టి తుడవండి. పెయింటు చిట్లి సన్నటి తుప్పు గీత కనిపిస్తే అది పగులు. పగులుంటే వంచే ప్రయత్నమే చెయ్యొద్దు.

పగులు లేకుండా కొంచెమే వంగితే కాల్చాల్సిన పనిలేదు. మౌంటు మీదకు బిగువుగా ఎక్కే మందపాటి ఇనప గొట్టం తొడిగి, ఫ్రేమ్ కదలకుండా ఇద్దరు పట్టుకుని, నెమ్మదిగా కొంచెం కొంచెంగా లాగాలి. ప్రతిసారీ మూలమట్టం పెట్టి చూసుకోవాలి. మర మీద సుత్తి పడకూడదు. ఇలా ఒక్కసారే. తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు ఇనుమూ అలిసిపోతుంది. రెండోసారి వంగిందంటే మౌంటు మార్చాల్సిందే.

మార్చడానికి పాతది కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. అది చేయి తిరిగిన వెల్డర్ పని. ట్యాంకు దించేయమనండి, బ్యాటరీ వైర్లు తీసేయమనండి, కొత్త మౌంటు అవతలి పక్కదానితో సమానంగా ఉందో కొలవమనండి. అడగడానికి మొహమాటపడొద్దు, ప్రాణం మనది. కింది మౌంటు వంగితే ఇంకా తేలిక. అది స్వింగ్ ఆర్మ్‌కి ఉంటుంది కాబట్టి స్వింగ్ ఆర్మే విప్పి వేరేది బిగించొచ్చు. బుష్‌లు కొత్తవి వేయండి, షాకబ్జర్లు మారిస్తే జతగా మార్చండి. మొదట బరువు లేకుండా ఊరి చుట్టూ తిప్పి, వారం తర్వాత నట్లు మళ్లీ చూసుకోండి.

"రోడ్డు అడగాల్సింది పోయి బండి బాగుచేసుకోమంటారేంటి?" అని కొందరు మిత్రులు అంటారు. న్యాయమైన మాటే. రోడ్డు మన హక్కు, దానికోసం అర్జీలు పెడదాం, ధర్నాకూ వద్దాం. కానీ రోడ్డొచ్చేదాకా వదిన ఆ బండి మీదే ఆసుపత్రికి వెళ్లాలి కదా.

మాకు బాధ కలిగించే విషయం ఇంకోటుంది. మనలో డిగ్రీ చదివేవాడు పానా పట్టుకోవడానికి సిగ్గుపడుతున్నాడు. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు చదివిన తమ్ముడిని "మెకానిక్కే కదా" అని చులకనగా చూస్తున్నాం. మన తాతలు నాగలి విరిగితే కింద షాపుకి మోసుకెళ్లారా? ఊళ్లోనే చెక్కుకున్నారు. ఇప్పుడు మన నాగలీ, మన కావడీ ఈ బండే. దాన్ని బాగుచేసే విద్య ఊళ్లో లేకపోతే డబ్బూ పోతుంది, ఒక్కోసారి మనుషులూ పోతారు.

కాబట్టి మా ప్రతిపాదన ఒకటే. ప్రతి ఊళ్లో యువజన సంఘం తలా కొంత వేసుకుని ఒక పానాల సెట్టు, ఒక మూలమట్టం, ఒక గొట్టం కొనుక్కోవాలి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక ఆదివారం ఊళ్లో బళ్లన్నీ వరసగా నిలబెట్టి వెనక నుంచి చూడండి. అమ్మాయిలనూ పిలవండి, వాళ్లూ నడుపుతున్నారు. ఏ బండికి మౌంటు వంగిందో కింద కామెంట్లో రాయండి. తెలిసినంత మేం చెప్తాం, మాకు తెలియనిది మీరు చెప్పండి.

జై ఆదివాసీ.