బొమ్మలదేముంది అంటున్నవాళ్లకు

తక్కువ బడ్జెట్‌లో వీడియో గేమ్ చేయాలనుకునే కుర్రకారులో ఈ మధ్య ఒక మాట బాగా చెలామణీ అవుతోంది. కోడ్ రాయడమే అసలు పని, బొమ్మలదేముంది, ఏఐని అడిగితే క్షణంలో గీసిస్తుంది, కాదంటే ముందే గీసి అమ్మే అసెట్ ప్యాక్ ఏదో ఒకటి కొనుక్కుంటే పాత్రలు నడుస్తాయి, పరుగెత్తుతాయి, కత్తి తిప్పుతాయి అని. ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. డబ్బు లేనివాడికి పొదుపు నేర్పుతున్నట్టు కనిపిస్తూ, వాడి దగ్గరున్న ఒకే ఒక్క ఆస్తిని వాడి చేతే పారబోయిస్తున్న సలహా ఇది. కోట్లు పెట్టే కంపెనీతో చిన్న జట్టు హంగుల్లో పోటీ పడలేదు, ప్రచారంలో పోటీ పడలేదు. జగిత్యాల బస్టాండులో మనిషి ఎలా నిలబడతాడో, సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) షెడ్డులో ఎలా నడుస్తాడో మాత్రం ఆ కంపెనీ కంటే వీళ్లకే బాగా తెలుసు. ఆ కదలికను కూడా బయట కొనుక్కుంటే ఇక ఆటలో తమదంటూ మిగిలేదేమిటి?

ఆటలో కదిలే పాత్ర రూపాన్ని స్ప్రైట్ అంటారు. దాన్ని ఉత్త బొమ్మ అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. 32 పిక్సెళ్ల ఎత్తున్న మనిషిని ఒకసారి గీయడం పెద్ద కష్టం కాదు. మొదటి బొమ్మకూ రెండో బొమ్మకూ మధ్య ఏం మారాలి, ఏం మారకూడదు అన్నదే యానిమేషన్. అడుగు నేలకు ఆనగానే తల ఒక పిక్సెల్ కిందికి దిగాలి, కాలు కాలును దాటేటప్పుడు మళ్లీ లేవాలి, కానీ ముక్కు ముఖంలో తన చోటనే ఉండాలి. అంత చిన్న బొమ్మలో ఒక్క పిక్సెల్ అటూఇటూ అయినా ముఖం వణికినట్టు కనిపిస్తుంది. ఏఐ ఇచ్చే వరస బొమ్మల్లో గాజులు ఒకచోట నాలుగుంటే మరోచోట మూడు, చీర అంచు ఒకచోట పచ్చగా ఉంటే మరోచోట నీలంగా. వాటిని సరిచేస్తూ కూర్చునే సమయంలో నాలుగు బొమ్మలు చేత్తో గీసేయవచ్చు. ఈ లోపాలు రేపోమాపో పోతాయంటారు. పోనివ్వండి. అప్పుడు కూడా అది ఇచ్చేది లోకంలో ఎక్కువమంది గీసిన నడకే తప్ప, మనం చూసిన మనిషి నడక కాదు.

కోరుట్లలో బీడీలు చుట్టే ఆమెను ఆటలో పాత్రగా పెట్టాలనుకుందాం. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, దారం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, అందుకే ఆ చేతుల్లో వృథా కదలిక ఉండదు. 32 పిక్సెళ్ల బొమ్మలో ఆమె చెయ్యి మహా అయితే రెండు మూడు చుక్కలు. వేళ్లు చూపించలేం. మరి చుట్టడం ఎలా తెలియాలి? భుజాలు కదలకూడదు, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి, చేతి చుక్కలు రెండూ ఎదురెదురుగా గబగబా జరగాలి, దారం కట్టే క్షణంలో మాత్రం ఒక చెయ్యి బయటికి వచ్చి కాసేపు ఆగాలి. ఆ ఆగడంలోనే పని తెలిసిన మనిషి కనిపిస్తుంది. కళ్లు చేతుల మీద ఉండవు, వాకిట్లోకి వచ్చేపోయేవాళ్ల మీద ఉంటాయి, కాబట్టి తలకు వేరే లయ. ఇలాగే సాంచాల కార్మికుడు. లుంగీలో కాళ్లు కనిపించవు, నడకంతా లుంగీ అంచు ఊగడంలో చూపించాలి. తెగిన పోగుకు ముడి వేయడానికి వంగినప్పుడు మోకాళ్ల కంటే నడుమే ఎక్కువ వంగుతుంది. ఖడ్గం పట్టిన యూరప్ యోధుడి ప్యాక్‌కు రంగు మార్చి, తలకు రుమాలు చుట్టినంత మాత్రాన ఈ మనిషి తయారవుతాడా? ఇంకొక చిన్న సంగతి. పని తగ్గుతుందని కుడివైపు నడకను అద్దంలో తిప్పినట్టు ఎడమవైపుకు వాడేస్తారు. చీర కట్టిన పాత్రకు అలా చేస్తే ఎడమ భుజం మీది కొంగు కుడి భుజం మీదికి ఎక్కుతుంది. మన ఆటగాడు అది పట్టేస్తాడు.

కొద్ది పిక్సెళ్లలో పాత్ర పుట్టదన్న వాదనకు పెద్ద జవాబు అక్కరలేదు. 1981లో డాంకీ కాంగ్ ఆట కోసం దాని రూపకర్త షిగెరు మియామోతో మారియోకు మీసం పెట్టింది నోరు గీసే చోటు లేక, టోపీ పెట్టింది జుట్టు గీయడం కష్టమై. చేతుల ఊపు కనబడాలని ఓవరాల్స్ తొడిగాడు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో మారియో నడకకు ఉన్నవి మూడు బొమ్మలే. ఇప్పటివాళ్లు కప్‌హెడ్ చూశారు, అంత నునుపు లేకపోతే ముట్టుకోరని ఇంకొక వాదన. 2017లో వచ్చిన ఆ ఆటకు సెకనుకు 24 బొమ్మల చొప్పున చేత్తో గీశారు, దాన్ని పూర్తి చేయడానికి దాని సృష్టికర్తలైన ఇద్దరు అన్నదమ్ములు ఇళ్లు తాకట్టు పెట్టారు. అది మనకు కొలబద్ద ఎలా అవుతుంది? ఎనిమిది దిక్కులకూ ఎనిమిదేసి బొమ్మలు గీస్తే ఒక్క నడకకే 64 అవుతాయి. పక్కనుంచి చూసే ఆటలో నడకకు నాలుగు, నిలబడడానికి రెండు, పనికి ఆరు చాలు. అయిదు పాత్రలకు కలిపి 60. కొంగు దిద్దుబాటు దీనికి అదనం, అయినా ఒక మనిషి చేయగల పని. పొదుపు బొమ్మల సంఖ్యలో చేయండి, చూపులో చేయకండి.

అసలు కదలని బొమ్మతో గంటల కొద్దీ జనాన్ని కూర్చోబెట్టిన విద్య ఈ నేలదే. నేత పనివాళ్లైన పద్మశాలీల ముందు కూనపులివాళ్లు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవారు. నకాషీ చిత్రకారులు గీసిన ఆ పటంలో ఒక్కో ఘట్టానికి ఒక్కో భంగిమ, మిగతాదంతా కథకుడి గొంతూ చేతి కర్రా. భంగిమ సరిగ్గా ఎంచుకుంటే మధ్యలోది చూసేవాడే నింపుకుంటాడని వాళ్లకు తెలుసు. సాంచాల పట్నమైన సిరిసిల్లకు ఇది పరాయి సంగతి కాదు. అయినా యానిమేషన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది హైదరాబాద్‌లో విదేశీ పాత్రలకు కాళ్లూచేతులూ ఆడించే కాంట్రాక్టు ఉద్యోగమే. చెయ్యి తిరిగిన కళాకారులు వేలమంది ఉన్నచోట సొంత పాత్రలు ఇంత తక్కువగా ఉండడం సిగ్గుపడాల్సిన విషయం. అసెట్ ప్యాక్ మనస్తత్వం ఆ అలవాటుకు కొనసాగింపే.

మరి ఏం చేయాలంటే, పెద్ద పథకమేమీ లేదు. జోర్డన్ మెక్నర్ 1985లో తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, దాని మీద ఆధారపడి గీసినవే 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటలో ఆ కదలికలు. ఇప్పుడు ఫోనుంటే చాలు. పక్కనుంచి అర నిమిషం తీయండి, అందులో నాలుగు భంగిమలు ఎంచుకోండి, ఉచితంగా దొరికే లిబ్రెస్ప్రైట్‌లోనో పిస్కెల్‌లోనో గీయండి, గోడో అనే గేమ్ ఇంజిన్‌లో పెట్టి ఆట వేగంతో ఆడించి చూడండి. ఒక్కో బొమ్మ ఎంతసేపు నిలవాలన్నది అక్కడే తేలుతుంది. తీసేముందు ఆ బీడీలు చుట్టే ఆమెను అడగండి. పని ఆపుకుని కెమెరా ముందు కూర్చున్న పూటకు ఆమె కూలి లెక్కగట్టి ఇవ్వండి, ఆమెకు ఇష్టమైతే ఆట చివర వచ్చే పేర్లలో ఆమె పేరూ వేయండి. అసెట్ ప్యాక్‌కు డబ్బు తీయగలిగినవాళ్లు ఇది ఇవ్వలేమనడం కుదరదు.