మెడూసా తలలూ, మన రికార్డు పుస్తకాలూ

వీడియో ఆటల గురించి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకు రెండే అభిప్రాయాలుంటాయి. ఒకటి, కళ్ళు పోతాయి. రెండు, చదువు పోతుంది. నేను హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారిని. వయసు యాభై దాటింది. కనుక నేనూ ఆ పాటే అందుకుంటానని మీరనుకుంటే అందులో మీ తప్పేమీ లేదు. కాని ఈసారి ఒక ఆట తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడదలిచాను. అదేమీ సాధువైన ఆట కాదు. పాడుబడ్డ కోట, రక్తం తాగే ప్రభువు, నడిచే అస్థిపంజరాలు, గాలిలో తేలే తలలు! పైగా ఆడేవాణ్ణి గంటకు పదిసార్లయినా చంపందే ఊరుకోదు.

దాని పేరు కాజిల్‌వేనియా. జపానులోని కొనామీ అనే సంస్థ 1986లో తయారుచేసింది. అక్కడ దానికి ‘అకుమాజో డొరాక్యురా’ అని పేరు. మన మాటల్లో ‘దెయ్యాల కోట డ్రాక్యులా’ అనుకోండి. మరుసటి ఏడు, అంటే 1987లో, నింటెండో వారి ఆట యంత్రానికి క్యాసెట్టుగా అమెరికా చేరింది. 2019లో కొనామీ ఆ వరుసలోని పాత ఆటలు కొన్నిటిని ఒక సంపుటిగా కలిపి మళ్ళీ విడుదల చేసింది. తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు వేసవి సెలవుల్లో మా ఇంట్లో కంప్యూటరు మీద ఆడింది దీన్నే. నేను పక్కన కుర్చీ వేసుకుని చూశాను. కొంతసేపు ఆడాను కూడా.

కథ నాలుగు మాటల్లో చెప్పవచ్చు. సైమన్ బెల్మాంట్ అనే వీరుడు కొరడా పుచ్చుకుని డ్రాక్యులా ప్రభువు కోటలో జొరబడతాడు. ఆరు అంచెలు, ఒక్కొక్క అంచెలో మూడు దశలు, వెరసి 18 దశలు దాటితే ప్రభువు ఎదురవుతాడు. దారిలో కనిపించే వాళ్ళంతా అరువు తెచ్చుకున్నవాళ్ళే. డ్రాక్యులా 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన నవలలోంచి వచ్చాడు. ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన భూతం 1818 నాటి మేరీ షెల్లీ నవలది. పాములే జుట్టుగా గల మెడూసా గ్రీకు పురాణంలోది. మమ్మీలు ఈజిప్టువి. ఇటువంటి కథలకు గోతిక్ కథలని పేరు. ఆ మాట ముందు యూరపులోని పాత చర్చి కట్టడాల శైలికి వాడుక. మొనదేలిన కమానులు, ఎత్తయిన కిటికీలు, లోపల మసక చీకటి. 1924లో పూర్తయిన మన మెదక్ చర్చి ఆ శైలిని అనుసరించి కట్టిందే. చూసినవారు ఆ కమానులను గుర్తు తెచ్చుకోండి. మెదక్ చర్చిలో దెయ్యాలేమీ లేవు సుమా!

ఇంత కోటా ఆ క్యాసెట్టులో ఎంత జాగాలో ఇమిడిందో తెలుసా? 128 కిలోబైట్లలో. మీ అన్నయ్య ఫోనులో తీసే ఒక్క ఫోటో అంతకు పదిరెట్లు మించే ఉంటుంది. ఆడుతున్నప్పుడు లెక్కలు వేసుకోవడానికి ఆ యంత్రం దగ్గర ఉన్న పని జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు మాత్రమే. అంత తక్కువ సామగ్రితో పనిచేసేవాళ్ళు శత్రువులకు తెలివితేటలు ఇవ్వలేరు, నియమాలు ఇవ్వగలరు. అస్థిపంజరం ఎలా అడుగు వేయాలి, గబ్బిలం ఎలా దూకాలి అన్నదానికి ఒక్కొక్క చిన్న నియమం. ఈ ఆటకు నా దృష్టిలో ఉన్న విలువంతా అక్కడే ఉంది. నియమం ఉన్నచోట దాన్ని కనిపెట్టవచ్చు గదా!

సైమన్ గెంతునే తీసుకోండి. కాలు నేలను విడిచాక మీరు ఏ మీట నొక్కినా అతని దారి మారదు. ముందుకు గెంతితే ముందుకే వెళ్ళి పడతాడు. ఈ ఆటలో అందరూ తిట్టుకునేది దీన్నే. 1985లో వచ్చిన సూపర్ మారియో ఆటలో మారియో గాలిలో ఉండగానే అటూ ఇటూ జరగగలడు. అది ఎంతో హాయిగా ఉంటుంది. కాని న్యూటన్‌ను అడిగితే సైమన్ పక్షమే చెబుతాడు. విసిరిన రాయి గాలిలో మనసు మార్చుకోదు. నేలను విడిచిన మనిషీ అంతే. తన్నుకోవడానికి ఆధారమేదీ లేకుండా దారి మార్చుకోలేడు. కనుక సైమన్ చేత గెంతించే ముందే ఆలోచించాలి. అయితే ఇదే ఆటలో సైమన్ గెంతకుండా మెట్టు అంచు దాటి నడిస్తే బావిలో రాయి జారవిడిచినట్టు నిట్టనిలువునా పడిపోతాడు. అది సరైనదేనా? ముందుకు నడుస్తున్నవాడి వేగం అంచు దగ్గర ఏమైపోయింది? మీ సైన్సు మాస్టారితో వాదించండి.

‘వేళ్ళు చురుగ్గా ఉంటే చాలు, ఇలాంటి ఆటలు గెలవవచ్చు’ అనేవారున్నారు. ఇది నిజమో కాదో ఒక స్కేలుతో తేల్చవచ్చు. మీ మిత్రుడు 30 సెంటీమీటర్ల స్కేలును పై అంచు పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. సున్నా ఉన్న కింది అంచు దగ్గర మీరు బొటనవేలు, చూపుడువేలు ఎడంగా ఉంచాలి. అతను చెప్పకుండా వదిలేస్తాడు. మీరు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో చూసి, దాన్ని రెట్టింపు చేసి, 980తో భాగించి, వర్గమూలం కనుక్కోండి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీ ప్రతిస్పందనకు పట్టిన కాలం సుమారు 0.2 సెకను. ఎంత చురుకైనవారికీ ఇది మరీ తగ్గదు. ఆ యంత్రమేమో సెకనుకు 60 బొమ్మలు చూపిస్తుంది. అంటే మీరు చూసి, తెలుసుకుని, మీట నొక్కేలోగా 12 బొమ్మలు గడిచిపోతాయి. పైగా సైమన్ కొరడా మీట నొక్కగానే తగలదు. ముందు వెనక్కు వెళ్ళి అప్పుడు ముందుకు విసురుతుంది. చివరి దశల్లో నాలుగు దెబ్బలు తగిలితే ప్రాణం పోతుంది. తగిలిన ప్రతి దెబ్బకూ సైమన్ వెనక్కు ఎగిరిపడతాడు, వెనక గొయ్యి ఉంటే మొదటి దెబ్బకే సరి. చూశాక కదిలేవాడు ఈ కోటలో బతకలేడు. ఏం జరగబోతోందో ముందే తెలిసినవాడే బతుకుతాడు.

ఇక మెడూసా తలల దగ్గరకు వద్దాం. ఇవి ఒకదాని వెనుక ఒకటి గాలిలో పైకీ కిందికీ ఊగుతూ వస్తాయి. మా వాడు వీటి చేతుల్లో ఎన్నిసార్లు చచ్చాడో లెక్కలేదు.

“వీటికి పద్ధతీ పాడూ లేదు మామయ్యా! ఎటునుంచి ఎలా వస్తాయో తెలీదు,” అన్నాడు ఏడుపు మొహంతో.

“పద్ధతి లేదని ఎలా చెప్పగలవురా? కొలిచావా?” అన్నాను.

పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం ఒకటి కంప్యూటరు తెర మీద అంటించాం. సైమన్‌ను ఒకచోట కదలకుండా నిలబెట్టి, ఆటను ఆపడం, తల ఉన్నచోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టడం, ఒక్క చిటిక వదిలి మళ్ళీ ఆపడం. కొన్ని తలలు సైమన్‌ను కొట్టి మాయమయ్యాయి. ఒకటి మాత్రం తెర ఈ చివరినుంచి ఆ చివరి వరకూ వెళ్ళింది. కాగితం తీసి చుక్కలు కలిపితే ఏమి వచ్చిందనుకున్నారు? మీ పాఠ్యపుస్తకంలో తరంగాల పాఠంలో ఉండే బొమ్మే! శృంగం, ద్రోణి, మళ్ళీ శృంగం. తల పక్కకు కదిలే వేగం ఎప్పుడూ ఒక్కటే. పైకీ కిందికీ మాత్రం ఊయలలా ఊగుతుంది. శృంగం నుంచి శృంగానికి దూరం తెలిస్తే తల మీ దగ్గరకు వచ్చేటప్పటికి పైన ఉంటుందో కింద ఉంటుందో ముందే చెప్పవచ్చు. పైన ఉంటే కింద నుంచి నడిచిపోవడం, కింద ఉంటే గెంతడం. అంతే సంగతులు. ఆ సాయంత్రం మా వాడు ఆ గది దాటాడు. దాటిన సంతోషం కంటే ‘పద్ధతి ఉంది’ అని తెలిసిన సంతోషమే వాడికి ఎక్కువనిపించింది.

అయిదో అంచెలో ఒక నడవా ఉంది. ఎదురుగా గొడ్డళ్ళు విసిరే కవచధారులు, వెనుకా ముందూ ఇవే మెడూసా తలలు, చివర కొడవలి పట్టుకున్న మృత్యుదేవత. అక్కడ మా వాడికి మూడు రోజులు పట్టింది. ఒకసారి పవిత్రజలం సీసాతో, ఒకసారి బూమరాంగ్‌తో, ఒకసారి గొడ్డలితో ప్రయత్నించాడు. ఆయుధం మార్చినప్పుడు దారి మార్చలేదు, దారి మార్చినప్పుడు ఆయుధం మార్చలేదు. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలని నేను తరగతిలో ఏటా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతాను. ఎవరూ చెప్పకుండానే ఆ నడవా వాడికి ఆ సంగతి నేర్పింది. కొంచెం అసూయ కలిగిందంటే నమ్మండి.

మధ్యలో గబ్బిలాల మాట కూడా చెప్పాలి, లేకపోతే పాపం వాటికి అన్యాయం. ఈ ఆటలో మొదటి అంచె చివర ఎదురయ్యేది ఒక పెద్ద గబ్బిలం. రక్తం తాగే గబ్బిలాలు నిజంగానే ఉన్నాయి. ప్రపంచం మొత్తానికి మూడు జాతులే. అవి మెక్సికో నుంచి దక్షిణ అమెరికా వరకూ మాత్రమే కనిపిస్తాయి. వాటిలో ఒక జాతి లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం ఉంది. శాస్త్రజ్ఞులు దానికి డ్రాక్యులిన్ అని పేరు పెట్టారు. ఆకలితో తిరిగి వచ్చిన తోటి గబ్బిలానికి తాను తాగిన రక్తంలో కొంత కక్కి పెట్టే గుణం కూడా వీటికుంది. డ్రాక్యులా ప్రభువుకు ఆ పాటి దయ లేదు. మన ఊళ్ళలో మర్రిచెట్లకు తలకిందులుగా వేలాడేవి పళ్ళూ పూతేనే తినేవి. వాటిని చూసి భయపడి రాళ్ళు రువ్వే పిల్లలు ఇకనైనా మానాలి.

నేను వకాల్తా పుచ్చుకున్న అసలు కారణం ఇప్పుడు చెబుతాను. పదో తరగతిలో కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునే ప్రయోగం ఉంది. కొవ్వొత్తి జరిపి, తెర జరిపి, వస్తుదూరం, ప్రతిబింబదూరం కొలిచి లెక్క కట్టాలి. రికార్డు పుస్తకాలు దిద్దడానికి కూర్చుంటే ప్రతి పుస్తకంలోనూ నాభ్యంతరం సరిగ్గా 10 సెంటీమీటర్లు! ప్రతి వరుసలోనూ 10. కొట్టివేత లేదు, చెరిపివేత లేదు, అక్షరాలు ముత్యాలు. కొలిచినవాడికి ఇలా రాదు. ఒకసారి 9.7, ఒకసారి 10.3 వస్తుంది. స్టాండు కదిలితే ఇంకేదో వస్తుంది. ఈ ముత్యాలన్నీ జవాబు ముందు రాసుకుని, దానికి సరిపోయే కొలతలు వెనుకనుంచి కట్టినవి.

ఇందులో తప్పు పిల్లలదే అని నేననను. సరైన జవాబుకే మార్కులిచ్చి, తప్పిన కొలతకు సున్నా పెట్టి, మేమే ఈ విద్య నేర్పాం. పరీక్ష ఏడాదికి ఒక్కసారి. అందులో తప్పితే ఇంట్లో పరువు, ఊళ్ళో మాట. తప్పడం అంత ఖరీదైనప్పుడు ఎవడు మాత్రం తప్పును బయటపెడతాడు? కాజిల్‌వేనియాలో తప్పడం చౌక. మూడు ప్రాణాలూ పోయినా ‘కొనసాగించు’ అంటే ఆ అంచె మొదటినుంచి మళ్ళీ ఆడవచ్చు, ఎన్నిసార్లయినా. కాని పక్కవాడి పుస్తకం చూసి రాస్తే మాత్రం ఆ కోట ఒప్పుకోదు. తప్పుకు శిక్ష తక్కువ, దొంగ జవాబుకు తావు లేదు. మన ప్రయోగశాలల్లో సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది.

అయితే ఒక మెలిక ఉంది. 2019 సంపుటిలో ఆటను ఎక్కడంటే అక్కడ ఆపి భద్రపరచుకునే సదుపాయం కలిపారు. “ప్రతి గెంతుకూ ముందు సేవ్ చేసుకుంటే సరిపోతుంది గదా మామయ్యా!” అన్నాడు మా వాడు. సరిపోతుంది. మృత్యుదేవత గది ముందు భద్రపరచుకుని ఇరవైసార్లు సాధన చేస్తే అది ప్రయోగం తిరిగి చేయడమే. కాని ప్రతి అడుగుకూ భద్రపరచుకుంటూ, తప్పిన అడుగునల్లా తుడిచేస్తూ చివరికి చేరితే, అది 10 సెంటీమీటర్ల రికార్డు పుస్తకమే. వాడికి ఈ పోలిక అంతగా నచ్చలేదు. ఆ నడవాలో మాత్రం సేవ్ వాడలేదు.

అన్ని ఆటలకూ నా వకాల్తా లేదు. రోజూ రాకపోతే బహుమతి పోతుందని బెదిరించేవి, ఓడిపోగానే డబ్బు కడితే గెలిపిస్తామనేవి ఫోనుల్లో బోలెడున్నాయి. వాటిలో కనిపెట్టడానికి నియమం ఉండదు. అవే మిమ్మల్ని కనిపెడుతూ ఉంటాయి. ఆట మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆ పట్టిక 2022 నుంచి అమలులో ఉంది. గోతిక్ ఆటల్లోనూ 2015లో వచ్చిన బ్లడ్‌బోర్న్ వంటివి 17 ఏళ్ళు నిండినవారికని అమెరికాలో నిర్ణయించారు. దానికి మీరు ఆగాలి. మా వాడికి నేను పెట్టిన గడువు రోజుకు ఒక గంట. డ్రాక్యులాను కొట్టిన రోజు మాత్రం గంటంపావు అయింది. గెలవగానే కోట కూలింది, పేర్లు వచ్చాయి, అంతలో ఆట మళ్ళీ మొదటి దశకు వచ్చేసింది, ఈసారి ఇంకా ఎక్కువమంది శత్రువులతో.

ఈ ఏడు మా బడిలో కటకం ప్రయోగానికి నేనొక షరతు పెట్టాను. తప్పిన కొలతను చెరపకూడదు. ఒక్క గీతతో కొట్టి, పక్కన కారణం రాయాలి. పది మార్కుల్లో అయిదు దానికే. మొదటి వారం అందరూ 10 సెంటీమీటర్లే తెచ్చారు, ఒక్క అమ్మాయి తప్ప. ఆమెకు ఒక వరుసలో 10.9 వచ్చింది. వస్తుదూరం 24, ప్రతిబింబదూరం 20 అని రాసింది. దాన్ని కొట్టి పక్కన ఇలా రాసింది: “కొవ్వొత్తి వత్తి నుంచి కొలవాలి. నేను స్టాండు అవతలి అంచునుంచి కొలిచాను. అందువల్ల 4 సెంటీమీటర్లు ఎక్కువ పడింది.” 24కు బదులు 20 వేసి మీరూ ఒకసారి లెక్క కట్టి చూడండి.