వికటించింది మాత్ర కాదు

ఊళ్లో బోదకాలు మాత్రలు పంచుతున్నారనగానే వినిపించే మాట ఒకటే: "కాళ్లు వాచినవాళ్లకు ఇచ్చుకోండి, మాకెందుకు?" మాత్రలు వేసుకున్నవాళ్లలో నలుగురికి కళ్లు తిరిగినా, ఇద్దరికి వాంతులైనా ఆ మాట మరింత బలపడుతుంది. మాత్రలు వికటించాయని మర్నాటికల్లా ఊరంతా చెప్పుకుంటారు. వచ్చే ఏడు ఆశా కార్యకర్త గుమ్మంలోకొస్తే మాత్రలు చేతికి తీసుకుని, ఆమె వీధి మలుపు తిరగ్గానే పారేస్తారు. చదువులేనివాళ్ల అపోహ అని దీన్ని తోసిపారేయలేం. పట్నాల్లో, చదువుకున్న ఇళ్లలోనూ ఇదే ధోరణి. దీని వెనక రెండు నమ్మకాలున్నాయి. కాలు వాచినచోటే జబ్బుందన్నది ఒకటి. మాత్ర వేసుకున్నాక జ్వరం వస్తే తప్పు మాత్రదేనన్నది రెండోది. రెండూ పొరపాటే. రెండోదాంతో నష్టం ఎక్కువ. మందు పనిచేస్తోందనడానికి గుర్తుగా వచ్చే జ్వరాన్నే అది మందుమీద నేరంగా మోపుతోంది.

మొదటి నమ్మకం సంగతి ముందు చూద్దాం. మన దేశంలో దాదాపు అన్ని బోదకాలు కేసులకూ కారణం వుకరేరియా బాంక్రాఫ్టీ అనే సన్నటి పురుగు. మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని ఒకరి నుంచి మరొకరికి చేరవేస్తుంది. పెద్ద పురుగులు లింఫు నాళాల్లో కాపురం పెట్టి ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. అన్నాళ్లూ లక్షల కొద్దీ పిల్లపురుగుల్ని రక్తంలోకి వదులుతూనే ఉంటాయి. మైక్రోఫైలేరియాలనే ఈ పిల్లపురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండి, దోమ కుట్టే రాత్రివేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని మోస్తున్న మనిషికి చాలాసార్లు ఏ బాధా తెలియదు. పొలం వెళ్తాడు, ఆఫీసుకు వెళ్తాడు, తను ఆరోగ్యంగా ఉన్నాననే చెబుతాడు. కాలు వాచి గట్టిపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. అప్పటికి చాలామంది రక్తంలో పిల్లపురుగులే కనిపించవు. అంటే దోమకు పురుగు అందేది ఎక్కువగా వాచిన కాలు నుంచి కాదు, ఏ బాధా లేని పక్కింటివాళ్ల నుంచి. "మాకెందుకు" అని అడిగేవాళ్లలోనే ఆ పక్కింటివాళ్లూ ఉంటారు. పోనీ కాలు వాచినవాళ్లకైనా ఈ మాత్రలతో వాపు తీస్తుందా అంటే, ముదిరిన వాపును ఇవి తగ్గించలేవు. వాళ్లకు కావలసింది రోజూ కాలు సబ్బుతో కడిగి తడి లేకుండా తుడుచుకోవడం, వేళ్ల సందుల్లో పుండ్లు పడకుండా చూసుకోవడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవడం, వరిబీజమైతే ఆపరేషన్. వాచినవాళ్లకే మాత్రలిమ్మనే వాదన వాళ్లకూ మేలు చేయదు, ఊరికీ మేలు చేయదు.

ఇక జ్వరం. డైఇథైల్‌కార్బమజైన్, వాడుకలో డీఈసీ, 1947 నుంచి ఉన్న మందు. పరీక్షనాళికలో పిల్లపురుగుల మీద పోస్తే వాటినిది పెద్దగా చంపదు. ఒంట్లోకి వెళ్తే మాత్రం అవి రక్తంలోంచి కొద్ది గంటల్లోనే చాలావరకు మాయమవుతాయి. మందు వాటిని మన రక్షణ కణాలకు పట్టిస్తుంది, చంపే పని ఎక్కువగా శరీరమే చేస్తుంది. చచ్చిన పురుగుల నుంచి, ఆ పురుగుల్లో ఉండే వోల్‌బాకియా అనే బ్యాక్టీరియా నుంచి వెలువడే పదార్థాలకు ఒళ్లు స్పందించడమే ఈ జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. అవి మొదటి ఒకటి రెండు రోజుల్లో మొదలై రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. ఎక్కువమందికి పారాసిటమాల్ సరిపోతుంది. రక్తంలో పిల్లపురుగులు ఎంత ఎక్కువుంటే బాధ అంత ఎక్కువ. ఏటా మాత్రలు వేసుకుంటూ వచ్చిన ఊళ్లలో ఏటికేడు ఈ ఫిర్యాదులు తగ్గుతూ పోతాయి. మాత్రే విషమైతే మొదటి ఏడు ఎంతమందికి చేసిందో ఐదో ఏడూ అంతమందికి చేయాలి. అలా జరగడం లేదు. తగ్గింది మాత్ర కాదు, పురుగులు. అన్ని బాధలూ పురుగుల చావువల్లే అని నేననను. పరగడుపున డీఈసీ వేసుకుంటే కడుపులో తిప్పడం మందువల్లే. అన్నం తిన్నాకే వేసుకోవాలని చెప్పేది అందుకే.

ఈ లెక్కన మందు ఎంత క్షేమమో తేల్చడానికి మాత్రను మాత్రమే చూస్తే చాలదు, అది ఎవరి ఒంట్లోకి వెళ్తోంది, ఆ ఒంట్లో ఏ పురుగుంది అన్నది కూడా చూడాలి. దీనికి ఆఫ్రికాకన్నా గట్టి సాక్ష్యం లేదు. అక్కడ చాలా దేశాల్లో ఆంకోసెర్కియాసిస్ అనే జబ్బుంది. దాని పిల్లపురుగులు చర్మంలో, కళ్లలో ఉంటాయి. అలాంటి మనిషికి డీఈసీ ఇస్తే అవి ఒక్కసారిగా చచ్చి ఒళ్లంతా తీవ్రంగా మండుతుంది, చూపు దెబ్బతినవచ్చు. అందుకే ఆ దేశాల్లో బోదకాలుకు డీఈసీ పంచరు. ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ అనే మందులు కలిపి ఇస్తారు. మధ్య ఆఫ్రికాలో లోవా లోవా అనే ఇంకో పురుగుంది. అది రక్తంలో విపరీతంగా ఉన్న మనిషికి ఐవర్‌మెక్టిన్ ఇస్తే మెదడు దెబ్బతిని కోమాలోకి వెళ్లే ప్రమాదముంది, మరణాలూ జరిగాయి. అవే మందులు, అదే మోతాదు. తేడా అంతా పురుగులో ఉంది. మన జనంలో ఆ రెండు జబ్బులూ వ్యాపించి లేవు. డీఈసీని మన ఊళ్లలో ఇంటింటా ఇవ్వగలగడానికి ఆధారం ఇదే. మందుల భద్రతను ఎవరూ చూడకుండా పంచేస్తున్నారని అనుకునేవాళ్లు గమనించాల్సింది కూడా ఇదే: ఎవరికి ఇవ్వకూడదో తేల్చుకున్నాకే ఎవరికి ఇవ్వాలో నిర్ణయించారు.

"అన్ని మాత్రలు ఒకేసారా?" అన్నది మరో అభ్యంతరం. పెద్దవాళ్లకు డీఈసీ వంద మిల్లీగ్రాములవి మూడు, ఆల్బెండజోల్ నాలుగొందల మిల్లీగ్రాములది ఒకటి, ఏడాదికి ఒక్కసారి. రక్తపరీక్షలో పురుగు బయటపడిన రోగికి డాక్టర్లు ఎన్నాళ్లనుంచో రాస్తున్నది ఇంచుమించు అదే డీఈసీ మోతాదు వరసగా పన్నెండు రోజులు. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైన 1955 నుంచి ఈ మందు మన దేశంలో వాడుకలో ఉంది. డీఈసీ, ఆల్బెండజోల్‌లకు ఐవర్‌మెక్టిన్ కలిపి మూడు మందులు ఇవ్వాలనుకున్నప్పుడు దాన్నీ నేరుగా జనం మీదికి వదల్లేదు. ఫిజీ, హైతీ, భారత్, ఇండొనీషియా, పాపువా న్యూగినీల్లో 26,836 మందిని మాత్రలిచ్చాక రోజుల తరబడి గమనించారు. మన దేశం నుంచి పరిశీలించింది తెలంగాణ సరిహద్దునున్న యాదగిరి జిల్లాను. మూడు మందులవాళ్లకూ రెండు మందులవాళ్లకూ ఇబ్బందుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, ఎక్కువ బాధపడింది రక్తంలో పురుగులున్నవాళ్లే. ఫలితంలో మాత్రం తేడా కొట్టొచ్చినట్టుంది. పాపువా న్యూగినీలో మూడు మందులూ ఒక్కసారి వేసుకున్నవాళ్లలో 96 శాతం మంది రక్తంలో ఏడాది తర్వాత కూడా పిల్లపురుగులు లేవు. రెండే వేసుకున్నవాళ్లలో అలా ఉన్నది 32 శాతం మంది.

అన్నింటికన్నా సహేతుకమైన అభ్యంతరం ఇంకొకటుంది. అందరికీ పరీక్ష చేసి, పురుగున్నవాళ్లకే ఇవ్వొచ్చు కదా? పాత పద్ధతిలో రక్తం రాత్రిపూటే తీయాలి. ఇప్పుడు పగలే చేయగల స్ట్రిప్ పరీక్ష వచ్చింది. అయినా ఊరంతటికీ వేలు గుచ్చి చూడటం మాత్రలివ్వడంకన్నా ఎంతో ఖర్చు, ఎంతో శ్రమ. తప్పించుకున్న కొద్దిమందితోనే పురుగు మళ్లీ పుంజుకుంటుంది. పరీక్ష తప్పనిసరి అయ్యేది మాత్ర ప్రాణం తీసే అవకాశం ఉన్నచోట. కామెరూన్‌లో లోవా లోవా ఉన్న ప్రాంతాల్లో అలాగే చేశారు: సెల్‌ఫోన్‌కు అమర్చిన సూక్ష్మదర్శినితో రక్తంలో పురుగుల్ని లెక్కించి, హద్దుమీరి ఉన్నవాళ్లకు ఐవర్‌మెక్టిన్ ఇవ్వకుండా మిగతావాళ్లకు ఇచ్చారు. పురుగు లేని మనిషికి ఏడాదికొకసారి వేసే మోతాదు చేసే హాని అతి తక్కువైన మన దగ్గర, ఆ పరీక్ష కోసం ఆగితే లాభపడేది దోమే.

అలాగని పంపిణీ జరుగుతున్న తీరంతా బాగుందని వెనకేసుకురాను. అపనమ్మకానికి సగం కారణం "ఏమీ కాదు, వేసుకోండి" అనే ప్రభుత్వ సిబ్బంది మాటే. ఏమీ కాదని చెప్పి వెళ్లాక రాత్రి జ్వరమొస్తే, ఆ ఇల్లు ఇక ఆ మనిషిని ఎందుకు నమ్ముతుంది? ఇవ్వకూడనివాళ్లు ఉన్నారు: రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు. ఐవర్‌మెక్టిన్‌కైతే ఐదేళ్లలోపు పిల్లలు, కొత్త బాలింతలు కూడా. మెదడులో బద్దెపురుగు తిత్తులున్న మనిషికి ఆల్బెండజోల్‌తో మూర్ఛ వచ్చే అవకాశం అరుదుగానైనా ఉంది. మూర్ఛ ఉందా అని అడగకుండా మాత్ర చేతిలో పెట్టకూడదు. మారాం చేస్తున్న చిన్నపిల్లల ముక్కు మూసి గట్టి మాత్ర మింగిస్తే గొంతుకు అడ్డం పడుతుంది. పొడిచేసి నీళ్లతో ఇవ్వాలి, ఏడుస్తుంటే ఆ పూటకు ఆపాలి. ఇవి ఎవరికీ తెలియని రహస్యాలు కావు, నిబంధనల్లో చాలావరకు ఉన్నవే. లక్ష్యం పూర్తిచేయాలన్న తొందరలో ఒక్కో గుమ్మం దగ్గర అర నిమిషం ఆగే కార్యకర్త వీటిని అడగలేదు. తప్పు ఆమెది కాదు, రోజుకిన్ని ఇళ్లని లెక్కగట్టిన అధికారులది. నా కోపం కూడా వాళ్లమీదే.

ఎదురుగా నిలబడి మింగించడం బలవంతం కాదా అని అడిగేవాళ్లున్నారు. సంగతంతా చెప్పి, వద్దన్నవాళ్లను వదిలేస్తే అది బలవంతం కాదు. చేతికిచ్చి వెళ్లిపోతే రికార్డులో మాత్ర వేసుకున్నట్టుంటుంది, పురుగు రక్తంలోనే ఉంటుంది. మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మింగితేనే వ్యాప్తి ఆగుతుందన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. శ్రీలంక 2002 నుంచి 2006 దాకా ఏటా డీఈసీ, ఆల్బెండజోల్ ఇచ్చి ఆపేసింది. బోదకాలు ప్రజారోగ్య సమస్యగా లేదని 2016లో గుర్తింపు పొందింది. చైనా వంట ఉప్పులో డీఈసీ కలిపి కూడా ఇచ్చింది, 2007లో ఆ గుర్తింపు తెచ్చుకుంది. మనం 2015 అని, ఆ తర్వాత ఇంకో ఏడని గడువులు మార్చుకుంటూ ఇప్పుడు 2027 దగ్గరున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా ఎన్నో దేశాలకు ఉచితంగా వెళ్లే డీఈసీ తయారయ్యేది మన విశాఖపట్నంలో. తెలంగాణలో ప్రభుత్వ పింఛను అందుకునేవాళ్లలో బోదకాలు బాధితులున్నారు. పింఛను ఇవ్వాల్సిందే, కానీ అది పోయిన కాలును తిరిగివ్వదు.

కాబట్టి పంపిణీ రోజు గుమ్మంలో చెప్పాల్సిన మాట మారాలి. "మీ రక్తంలో పురుగుంటే ఇవాళో రేపో జ్వరం, తలనొప్పి రావచ్చు. తిన్నాకే వేసుకోండి. గర్భమైనా, మూర్ఛైనా, పెద్ద జబ్బైనా ఉంటే ముందే చెప్పండి. రేపు మళ్లీ వస్తాను, పారాసిటమాల్ నా దగ్గరుంటుంది, ఎక్కువైతే పీహెచ్‌సీ డాక్టరుగారికి ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఇన్ని మాటలు చెప్పడానికి ఒక్కో ఇంటికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలకు సరిపడా మనుషుల్ని పెట్టాలి, మర్నాడు చేసే పనికి కూడా వాళ్లకు కూలి కట్టివ్వాలి.