లైసెన్సు అక్కర్లేని హక్కు

ఆడపిల్ల మీద ఏ ఘోరం జరిగినా ఆ తర్వాత ఓ పది రోజులు ఒక మాట గట్టిగా వినిపిస్తుంది. ‘ఆడవాళ్ళ చేతికి తుపాకులివ్వాలి, అప్పుడు గానీ వీళ్ళకి బుద్ధి రాదు’ అని. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు ఘటన తర్వాత విన్నాం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దారుణం తర్వాత విన్నాం. 2021 ఆగస్టు 15న గుంటూరు కాకాని రోడ్డులో బీటెక్ చదివే అమ్మాయిని పట్టపగలు నడివీధిలో కత్తితో పొడిచి చంపినప్పుడు మన మధ్యనే విన్నాం. ఇప్పుడా మాట మన సంఘం ముందుకే వచ్చింది. స్త్రీలకు రివాల్వరు లైసెన్సులు తేలిగ్గా మంజూరు చేయాలని కలెక్టరు గారికి అర్జీ పెడదామని కొందరు చెల్లెళ్ళు ప్రతిపాదించారు. వాళ్ళ కోపం న్యాయమైనది. రాత్రి ఎనిమిదింటికి కాలేజీ బస్సు దిగి చీకట్లో ఇంటికి నడిచే పిల్ల అడిగే ప్రశ్నకి మనం జవాబు చెప్పాలి. అయినా ఈ అర్జీని నేను వ్యతిరేకిస్తున్నాను. ఎందుకో వివరంగా చెప్పడం నా బాధ్యత.

ముందుగా ఒక మాట. ఆడదాని చేతిలో ఆయుధం చూసి నేను ఉలిక్కిపడను. స్త్రీ సహనమూర్తి అనే కబుర్లు మన పత్రిక ఏనాడూ చెప్పలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం తుపాకి పట్టి దళానికి నాయకత్వం వహించింది. ఆమె తలకి పదివేల రూపాయల వెల కట్టారు. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ పేరే ‘నా మాటే తుపాకీ తూటా’. కానీ ఆ తుపాకి ఆమె ఒక్కదానిదీ కాదు. దాని వెనక దళం ఉంది, దళానికి అన్నం పెట్టి కబురందించిన ఊళ్ళున్నాయి. ఇవాళ మనకి చూపిస్తున్న తుపాకి సంగతి వేరు. డబ్బున్న ఒక్కతే దుకాణంలో కొనుక్కుని, ఒక్కతే సంచిలో దాచుకుని, ఒక్కతే భయపడుతూ మోసుకు తిరగాల్సిన వస్తువది.

నగల పెట్టెలో తుపాకి

2014 జనవరిలో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ ‘నిర్భీక్’ అని ఒక రివాల్వరు విడుదల చేసింది. ఢిల్లీ అమ్మాయిని తలపించేలా పేరు పెట్టి, ఆడవాళ్ళ కోసమే అన్నారు. .32 బోరు, ఆరు తూటాలు, సుమారు అర కేజీ బరువు. మెరూన్ రంగు నగల పెట్టెలాంటి దాంట్లో పెట్టి అమ్మారు. వెల దాదాపు లక్షా ఇరవై రెండు వేలు. కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే కూలి మనిషికి రోజుకి నాలుగు వందలు ముట్టినా, మూడు వందల రోజులు పస్తుండి కూడబెడితే గానీ ఆ పెట్టె రాదు. మణిపూర్‌లో తుపాకుల వల్ల భర్తల్ని, బిడ్డల్ని పోగొట్టుకున్న స్త్రీల మధ్య పనిచేసే బీనాలక్ష్మి నేప్రమ్ అప్పుడే ఈ ఆలోచనని తప్పుపట్టారు. తుపాకి ఇంట్లోకొస్తే ఏమవుతుందో తెలిసిన మనిషి మాట అది.

డబ్బు ఉన్నా లైసెన్సు కావాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం జిల్లాల్లో కలెక్టరుకి దరఖాస్తు పెట్టాలి. పోలీసు విచారణ జరగాలి. ప్రాణహాని ఉందని నమ్మించాలి. 2016 నియమాలొచ్చాక శిక్షణ పొందినట్టు పత్రం కూడా చూపాలి. సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం. పిస్టలు మామూలు పౌరులకి నిషిద్ధం. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది.

ఇక ఆలోచించండి. ఏటా ఆదోని, కోసిగి వైపు నుంచి పిల్లా జెల్లాతో మన గుంటూరు పొలాలకి మిరపకోతకొచ్చి, చేను గట్టున పట్టాల కింద పడుకునే ఆడవాళ్ళకంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నదెవరు? వాళ్ళు దరఖాస్తులో ఏ చిరునామా రాస్తారు? ఏ స్టేషను వాళ్ళు విచారణకి వెళతారు? ఫిర్యాదు ఇవ్వబోతే కూర్చోబెట్టి పంపించేసే స్టేషను నుంచే ‘ఈమెకి ప్రాణహాని ఉంది’ అనే నివేదిక రావాలా?

గురి సంగతి

లైసెన్సు కూడా వచ్చిందనుకుందాం. పేల్చడం సంగతేమిటి? కాలేజీలో ఎన్.సి.సి.లో ఉన్నప్పుడు నేను .22 రైఫిల్ పేల్చాను. తర్వాత మా అక్క కూతురు పిస్టలు నేర్చుకుంటుంటే రేంజికి వెళ్ళి కూర్చుని చూశాను. సినిమాల్లో చూపించేదానికీ దీనికీ పోలిక లేదు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో ఒంటిచేత్తో 75 నిమిషాల్లో 60 గుళ్ళు పేల్చాలి. నడిమధ్య పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, రూపాయి బిళ్ళలో సగం. ఊపిరి బిగబట్టే క్షణం, ముందు సైటు మీద చూపు, ట్రిగ్గరు మీద వేలు నెమ్మదిగా వెనక్కి రావడం, ఇవన్నీ కలిసి రావడానికి ఏళ్ళు పడుతుంది. 25 మీటర్ల పోటీలో వేగంగా పేల్చే భాగం ఒకటుంది. అందులో చేయి కిందికి దించి నిలబడాలి. గురి మూడు సెకన్లు కనపడుతుంది. ఆ మూడు సెకన్లలో చేయెత్తి ఒక్క గుండు పేల్చాలి. అంతటి క్రీడాకారిణికీ గురి ఎక్కడొస్తుందో, ఎప్పుడొస్తుందో ముందే తెలుసు. కాగితం కత్తి పట్టుకుని మీదికి దూకదు.

సంచిలో దాచుకునే చిన్న తుపాకి ఇంకా మొండిది. గొట్టం పొట్టిగా ఉంటే గురి కుదరడం కష్టం. తేలికైన కొద్దీ చేతికి ఎక్కువ తన్నుతుంది. నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో దాన్ని పూర్తిగా కప్పి ఉంచే తీసుకెళ్ళాలి, బయటికి తీసి ఆడించకూడదు. చీర కట్టుకుని, ఒక చేత చంకబిడ్డ, ఇంకో చేత క్యారేజీ ఉన్న మనిషి సంచి జిప్పు తీసి, తుపాకి అందుకుని, గురి చూసేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. వాడి చేతికే అది చిక్కితే ఆ తర్వాతి మాట ఊహించుకోండి. నెలకోసారైనా రేంజికి వెళ్ళి అభ్యాసం చేయనివాళ్ళ దగ్గర తుపాకి ఉండటం, ఈత రానివాళ్ళ దగ్గర పడవ ఉన్నట్టే.

ఎవరి మీద పేలుస్తాం?

ఇంతకంటే పెద్ద ప్రశ్న ఇది. అత్యాచారాల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళేనని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలు ఏటా చెబుతున్నాయి. స్త్రీలపై నమోదయ్యే నేరాల్లో మొదటి స్థానం భర్త, అతని బంధువులు పెట్టే హింసది. బీరువాలో తుపాకి పెడితే ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మన పేరు మీద ఉన్న పొలం మీద కూడా మనకి అధికారం లేని ఇళ్ళు మనవి. మన పేరు మీది తుపాకి మన చేతిలో ఉంటుందా? అమెరికాలో జాక్విలిన్ క్యాంప్‌బెల్ బృందం 11 నగరాల్లో పరిశోధించి 2003లో ఫలితం ప్రకటించింది. హింసించే భాగస్వామికి తుపాకి అందుబాటులో ఉన్నచోట స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం అయిదు రెట్లు.

పత్తి, మిరప పండించే మన ఊళ్ళకి ఈ సంగతి అమెరికా చెప్పనక్కర్లేదు. పురుగుని చంపడానికి తెచ్చిన మందుడబ్బా ఇంటి మూలన ఉంటుంది. మొగుడితో గొడవైన రాత్రి, అప్పులవాళ్ళు వచ్చి వెళ్ళిన సాయంత్రం అది చేతికందడం వల్లనే పోయిన ప్రాణాలెన్నో. ఆ గంట గడిస్తే బతికేవాళ్ళు. శ్రీలంకలో 1995 నుంచి అతి విషపూరితమైన మందుల్ని నిషేధిస్తూ వచ్చాక పదేళ్ళలో ఆత్మహత్యలు సగానికి తగ్గాయి. ప్రాణం తీసే వస్తువు ఇంట్లోకి వచ్చాక అది ఎవరి కోసం తెచ్చామో దానికి గుర్తుండదు.

ముందు ఎవరి లైసెన్సు?

లైసెన్సులు తేలిక చేస్తే మన ప్రాంతంలో ముందు వరసలో నిలబడేదెవరో కూడా చూడాలి. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో చెరువు దగ్గర కొట్టబోయిన భూస్వాముల మీద నీళ్ళబిందె ఎత్తింది మున్నంగి సువార్త. మర్నాడే ఊరి పెత్తందార్లు గొడ్డళ్ళు, బరిసెలతో మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు దళితుల్ని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపారు. భూమి, పరపతి, స్టేషనులో పలుకుబడి ఎవరికున్నాయో లైసెన్సూ వాళ్ళకే వస్తుంది. కాగితం మీద భార్య పేరుంటుంది, నడుముకి మాత్రం భర్త కట్టుకుంటాడు.

ఆ అనుభవాల తర్వాతే 1995లో ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక నియమాలొచ్చాయి. అందులో మూడో నియమం చదవండి. అత్యాచారాలు జరిగే ప్రమాదమున్న ప్రాంతాల్లో ప్రభుత్వం దళితేతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి, అక్రమ ఆయుధాల్ని పట్టుకోవాలి. అవసరమనుకుంటే దళితులకి, గిరిజనులకి ఆత్మరక్షణ కోసం లైసెన్సులివ్వచ్చు. అంటే బలహీనుడికి ఆయుధమిచ్చే మాట చట్టంలో లేకపోలేదు. కానీ ఆ వరస చూడండి: బలవంతుడి చేతిలోది తీసుకోవడం మొదటి పని.

ఆయుధం ఏదని చట్టం అడగదు

ఇక మన చెల్లెళ్ళు అడిగే అసలు ప్రశ్న: ‘మరి మీద పడితే ఏం చేయాలి?’ ఎదురు తిరగాలి. ఆ హక్కుకి కలెక్టరు సంతకం అక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. చంపుతాడని, తీవ్రంగా గాయపరుస్తాడని, అత్యాచారం చేస్తాడని, ఎత్తుకుపోతాడని, యాసిడ్ పోస్తాడని సహేతుకమైన భయం కలిగినప్పుడు, ఆపుకునే ప్రయత్నంలో దాడి చేసినవాడి ప్రాణం పోయినా అది నేరం కాదని 38వ సెక్షన్ అంటోంది. పాత శిక్షాస్మృతిలో ఇది 100వ సెక్షన్. చేతిలో కొడవలి ఉందా, రోకలిబండ ఉందా, గుప్పెడు కారం ఉందా అని చట్టం చూడదు. అవసరానికి మించి కొట్టకూడదు, పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆశ్రయించాలి, వాడు పారిపోయాక తీర్చుకునే పగ ఇందులోకి రాదు. ఈ హద్దులూ తెలియాలి.

ఎదురు తిరిగిన స్త్రీ మీదే ముందు కేసు పెట్టే అవకాశం ఉంది. అక్కడే మన అవసరం. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచితంగా లాయరుని పెట్టాలి. ఈ రెండు ముక్కలూ మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటంలో ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నవి చీపుర్లు, కారప్పొడి. మరుసటి ఏడాదికి సారా నిషేధం వచ్చింది. పదిమంది కలిసి నిలబడటమే అక్కడ పనిచేసింది.

కాబట్టి కలెక్టరు గారికి అర్జీ తప్పకుండా పెడదాం. కానీ ఇలా రాద్దాం. 1995 నియమాల ప్రకారం మన జిల్లాల్లో ఎన్ని లైసెన్సులు రద్దు చేశారో లెక్క చెప్పండి. భార్యని ఆయుధంతో బెదిరించే భర్త నుంచి, మెజిస్ట్రేటు ఆదేశం మీద రక్షణాధికారి పోలీసుల సాయంతో ఆ ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవచ్చని 2006 గృహహింస నియమాలు చెబుతున్నాయి, అవి అమలు చేయండి. వలస కూలీల గుడారాల దగ్గర దీపాలు, మరుగుదొడ్లు, రాత్రి గస్తీ ఏర్పాటు చేయండి. ఆటోలో ఇరవై మందిని కుక్కి తోలుకెళ్ళే మేస్త్రీలని కట్టడి చేయండి.

ఇంకో కోరిక కూడా రాద్దాం. ప్రభుత్వ బాలికల కళాశాలల్లో ఎయిర్ పిస్టల్ రేంజిలు పెట్టండి. 4.5 ఎం.ఎం. మామూలు ఎయిర్ పిస్టలుకి లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్లో వ్యక్తిగత రజతం, జట్టుతో స్వర్ణం తెచ్చింది. 2024లో పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది. ఆ ఆట డబ్బున్న ఇళ్ళ పిల్లలకే ఎందుకుండాలి? మిరప కల్లంలో పనిచేసే తల్లి కూతురు కూడా చేయి చాచి, ఊపిరి బిగబట్టి, గురి చూడటం నేర్చుకోవాలి. ఎవరినో చంపడానికని కాదు, ఆటలో ఆనందం తనకీ దక్కాలి గనుక.