యాప్ రన్ అయితే సరిపోతుందా?

అమెరికాలో కొన్ని యూనివర్సిటీల్లో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ మాస్టర్స్ చేసేవాళ్లు, తమ ప్రాజెక్టులు ఏఈసీటీ అనే వృత్తి సంఘం ప్రమాణాలకు ఎలా సరిపోతాయో పోర్ట్‌ఫోలియోలో రాయాలి. 2012 ప్రమాణాలు ఐదు: విషయ పరిజ్ఞానం, బోధన, నేర్చుకునే వాతావరణం, వృత్తి నైపుణ్యాలు, పరిశోధన. కోడింగ్‌కి విడిగా శీర్షికే లేదు! 2008లో ఆ సంఘం ఇచ్చిన నిర్వచనంలో 'నైతిక' అనే మాట మాత్రం ఉంది.

రేపు పిల్లల లెర్నింగ్ యాప్‌లు రాసేది మనమే కదా. మన ప్రాజెక్ట్ రివ్యూలో అడిగేది ఒక్కటే, రన్ అవుతుందా అని. స్ట్రీక్ పోతుందన్న భయంతో పిల్లాడు రోజూ యాప్ తెరుస్తాడు. భిన్నాలు వచ్చాయా అంటే అది వేరే సంగతి.

ప్రమాణాల మీద రాయడం కూడా మన ల్యాబ్ రికార్డుల్లా తంతుగా మారొచ్చు, నిజమే. అయినా ప్రశ్నంటూ ఉండాలి. మన రివ్యూ ఫారంలో ఒక్క గడి పెడితే చాలు: దీంతో ఎవరు, ఏం నేర్చుకున్నారు?