మోర్మోను తల్లులు రాసిపెట్టుకున్న మాటలు



ఈ నెల మన శీర్షికలో మోర్మోను స్త్రీల సంగతి రాస్తున్నాను. మన సంఘ పత్రికలో వారి మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లని పేరుబిళ్ల పెట్టుకొని హైదరాబాదు వీధుల్లో ఇద్దరిద్దరుగా నడిచివెళ్లే యువకులను మీలో కొందరు చూసే ఉంటారు. ఆ సంఘం పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ దానిని స్థాపించాడు. 1847లో బ్రిగం యంగ్ వెంట ఆ జనం పడమటి ఎడారి ప్రాంతానికి వలసపోయి సాల్ట్ లేక్ సిటీ కట్టుకున్నారు. అదే నేటి ఉటా రాష్ట్ర రాజధాని. 1978లో సమోవా దీవుల్లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబంలోని భార్యాభర్తలు హైదరాబాదు వచ్చి తమ బంధువులకు ఆ బోధ వినిపించారు. 2012లో, అనేక స్థానిక సంఘాలు కలిసిన వారి మండలం మన దేశంలో మొట్టమొదట హైదరాబాదులోనే ఏర్పడింది. కనుక వారు మనకు మరీ దూరపువారేమీ కారు.

సిద్ధాంతం మాత్రం వేరు. బైబిలుతో పాటు మోర్మోను గ్రంథాన్ని కూడా వారు లేఖనంగా ఎంచుతారు. త్రిత్వమును మనం ఒప్పుకొనే రీతిగా వారు ఒప్పుకొనరు. ఈ విషయంలో నాకు సందిగ్ధం లేదు. ఈ వ్యాసం చదివి ఎవరూ ఆ సంఘంలో చేరనక్కరలేదు. అయితే తల్లి ఇంట ఉండవలెనా, పనికి వెళ్లవలెనా, దేవుడు ఆమెను దేనికి పిలిచాడు అనే ప్రశ్నతో ఆ సంఘపు స్త్రీలు 150 ఏండ్లుగా పెనుగులాడుతున్నారు. తమ పెనుగులాటను కాగితం మీద కూడా పెట్టారు. అలా రాసిపెట్టుకున్న స్త్రీలు ఏ సంఘంలోనైనా తక్కువే.

మొదట ఎల్లిస్ షిప్ అనే తల్లి సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మోర్మోనులలో బహుభార్యాత్వం ఉండేది (1890లో వారి సంఘమే దానిని ఆపివేస్తున్నట్టు ప్రకటించింది). ఎల్లిస్ భర్తకు నలుగురు భార్యలు. ఉటాలో ప్రసవ సమయంలో తల్లులూ బిడ్డలూ చనిపోవడం చూసి, స్త్రీలే వైద్యం నేర్చుకోవాలని 1870 దశకంలో బ్రిగం యంగ్ స్వయంగా ప్రోత్సహించాడు. ఎల్లిస్ తెల్లవారుజామున 4 గంటలకు లేచి, పిల్లలు నిద్ర లేవకముందే చదువుకొనేది. 1875లో తన ముగ్గురు కొడుకులను సవతులకు అప్పగించి, రైలెక్కి దేశం ఆ చివరనున్న ఫిలడెల్ఫియా స్త్రీల వైద్య కళాశాలకు వెళ్లింది. మొదటి సంవత్సరం ముగిశాక ఇంటికి వచ్చి, గర్భవతియై తిరిగి వెళ్లింది. అక్కడే ఒక ఆడపిల్లను ప్రసవించి, చంటిబిడ్డను సాకుకుంటూ చదువు ముగించి 1878లో డాక్టరయింది.

మన ఇండ్లలో సవతి అంటే పోరే గుర్తుకు వస్తుంది. పరిశుద్ధ గ్రంథములో లేయా రాహేలుల కథ చూచినా, హన్నా పెనిన్నాల కథ చూచినా అంతే. బహుభార్యాత్వమును నేను ఏ విధముగానూ సమర్థించను. కాని ఎల్లిస్ సవతులు ఆమె కొడుకులకు అన్నం పెట్టారు, చదువుకు డబ్బు కూడా పంపారు. ఆమె మాత్రం పిల్లల మీది బెంగతో తన దినచర్య పుస్తకం నింపింది. ఇంటికి తిరిగి వచ్చి 1879లో మంత్రసానుల బడి పెట్టి, రానున్న సంవత్సరాలలో దాదాపు 500 మంది స్త్రీలకు ఆ విద్య నేర్పింది.

ఇక్కడ మన తెలుగు క్రైస్తవులు గుర్తుపట్టవలసిన సంగతి ఒకటుంది. ఎల్లిస్ షిప్ పట్టం పుచ్చుకొన్న మరుసటి ఏడే, 1879లో, అదే కళాశాల నుండి మరొక యువతి డాక్టరై బయటికి వచ్చింది. ఆమె 1883లో గుంటూరు చేరిన అన్నా కుగ్లర్ దొరసాని. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అంటే ఎరుగనివారెవరు? ఒకరు లూథరన్, ఒకరు మోర్మోను. ఒకరు పెండ్లి చేసుకొనక తన బ్రతుకంతా మన తల్లుల కాన్పుల కోసం ఇచ్చివేసింది. మరొకరు పది మంది బిడ్డలను కన్నది. చదువు చెప్పిన కళాశాల మాత్రం ఒక్కటే.

ఆ తరం మోర్మోను స్త్రీలు వైద్యంతో ఆగలేదు. ఉటాలో స్త్రీలకు 1870లోనే ఓటు హక్కు వచ్చింది. 1887లో అమెరికా ప్రభుత్వం దానిని లాగివేసుకొన్నా, 1896లో ఉటా రాష్ట్రమైనప్పుడు తిరిగి సంపాదించుకొన్నారు. అదే ఏట మార్తా హ్యూస్ కానన్ అనే డాక్టరమ్మ ఎన్నికల్లో నిలబడి అమెరికా మొత్తంలో మొదటి స్త్రీ రాష్ట్ర సెనేటరు అయింది. ఓడినవారిలో ఆమె భర్త కూడా ఉన్నాడు! ఆ రాత్రి వారి ఇంట భోజనం ఎలా జరిగిందో చరిత్రకారులు రాయలేదు. 1872 నుండి 1914 వరకు ఆ స్త్రీలు 'వుమన్స్ ఎక్స్‌పొనెంట్' అనే పత్రిక నడిపారు. ఎమెలీన్ వెల్స్ ఒక్కతే 37 ఏండ్లు దానికి సంపాదకురాలు. బిడ్డల పెంపకం, ఓటు హక్కు, ప్రార్థన, వంట, వైద్యం అన్నీ ఆ పత్రికలో పక్కపక్కనే ఉండేవి. వీటిలో ఒకటి ఆత్మీయము, మరొకటి లౌకికము అని వారు విడదీయలేదు.

ఆ తరువాత గాలి మళ్లింది. ఇరవయ్యవ శతాబ్దం నడిమికి వచ్చేసరికి, తల్లి స్థానం ఇల్లే అని ఆ సంఘం గట్టిగా బోధించసాగింది. 1987 ఫిబ్రవరిలో సంఘాధ్యక్షుడు ఎజ్రా టాఫ్ట్ బెన్సన్, ఉద్యోగాలు చేసే తల్లులు ఇంటికి తిరిగి రావలెనని బహిరంగంగా పిలుపునిచ్చాడు. మోర్మోనులకు సంఘాధ్యక్షుడు ప్రవక్త. మన సంఘాలలో పాస్టరు చెప్పిన మాట ఇంటికి వెళ్లేలోగా మరచిపోవచ్చును గాని, వారికి ఆ మాట దేవుని మాటతో సమానం. విధవలు, విడాకులు పొందినవారు పని చేయక తప్పదని ఆయన కూడా ఒప్పుకొన్నాడు. 1995లో వెలువడిన కుటుంబ ప్రకటన కూడా అదే దారిలో నడిచింది: పోషణ ముఖ్యముగా తండ్రిది, పిల్లల పెంపకం ముఖ్యముగా తల్లిది, పరిస్థితులను బట్టి సర్దుబాట్లు ఉండవచ్చును. తండ్రి తాగుబోతు కావచ్చు, జబ్బుమనిషి కావచ్చు, జీతం చాలని గుమాస్తా కావచ్చు. ఎంతమంది తల్లులు ఆ చివరి 'సర్దుబాటు' మాటలోనే కాపురం చేస్తున్నారో, ఏ సంఘములోనైనా వేదిక మీదనుండి చూస్తే కనబడదు.

ఆ పిలుపు విని ఉద్యోగాలు, చదువులు మానుకొన్న స్త్రీలు ఉన్నారు. కొందరు సంతోషంగానే మానుకొన్నారు. పిల్లల బాల్యమంతా వారి దగ్గర ఉండగలిగామని ఈనాటికీ దేవుని స్తుతిస్తారు. వారి మాటను తేలిక చేయరాదు. ఇంట నిలిచిన తల్లిది సోమరితనం కాదు, వెట్టి కాదు. అది కూడా పిలుపే. కొందరు మాత్రం ఇష్టం లేకున్నా విధేయత కొద్దీ మానుకొన్నారు. తరువాత ఏమి జరిగిందో చూడండి. ఆ సంఘంలో 1842లో మొదలైన స్త్రీల సమాజం 'రిలీఫ్ సొసైటీ'కి 2022లో కమీల్ జాన్సన్ అధ్యక్షురాలయింది. ఆమె దాదాపు 30 ఏండ్లు వకీలు. ముగ్గురు కొడుకులను పెంచుతూనే ఆ వృత్తి సాగించింది. తన చదువు, వృత్తి, మాతృత్వము దేవుని నడిపింపులోనే సాగాయని ఆమె చెప్పినప్పుడు యువతులు సంతోషించారు. 1987 మాట విని ఉద్యోగం విడిచిన పెద్దవాళ్లలో కొందరికి మాత్రం గుండె కలుక్కుమన్నది. మేము దేవుని మాట అని విడిచిపెట్టినదానినే చేతపట్టుకొని నడిచిన స్త్రీ ఈనాడు మాకు నాయకురాలా అని వారు అడిగారు. ఆ ప్రశ్నకు సులభమైన జవాబు లేదు. కమీల్ జాన్సన్ చేసినది తప్పు కాదు, వీరు చేసినదీ తప్పు కాదు. బోధించినవారు మాత్రం ఒక తరంలో ఒక మాట చెప్పి, ఆ మాట వలన ఎవరికి ఎంత ఖర్చు అయ్యిందో లెక్క చూడకుండానే ముందుకు సాగిపోయారు. బోధకులమైన మనందరికీ ఈ అలవాటు ఉంది.

బోస్టను ప్రాంతంలోని కొందరు మోర్మోను తల్లులు 1970లో ఇలాంటి మాటలే మాట్లాడుకోవడానికి ఒకరి ఇంట కూడసాగారు. అందరూ చిన్నపిల్లల తల్లులే. కొన్నాళ్లకు వారిలో ఒకరికి హార్వర్డు విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ముందు చెప్పిన 'వుమన్స్ ఎక్స్‌పొనెంట్' పాత సంపుటాలు కనబడ్డాయి. తమ ముత్తవ్వల కాలంలో తమ సంఘంలోనే స్త్రీలు డాక్టర్లు, సంపాదకులు, సెనేటర్లు అని వారికి అప్పుడు తెలిసింది. అప్పటిదాకా ఎవ్వరూ చెప్పలేదు. 1974లో ఆ పాత పేరుతోనే 'ఎక్స్‌పొనెంట్ 2' అని పత్రిక మొదలుపెట్టారు. అది 50 ఏండ్లు దాటి నడుస్తున్నది.

వారిలో ఒకరు లారెల్ థాచర్ ఉల్రిచ్. ఐదుగురు పిల్లల తల్లి. పిల్లలను పెంచుతూ మెల్లమెల్లగా చదువుకొని 1980లో, 42వ ఏట డాక్టరేటు పుచ్చుకొంది. తరువాత ఆమె చేత పట్టినది ఒక పల్లెటూరి మంత్రసాని దినచర్య పుస్తకం. మార్తా బల్లార్డ్ అనే ఆ మంత్రసాని మోర్మోను కాదు. ఆ సంఘం పుట్టకముందే చనిపోయింది. ఏ ఇంట ఏ రాత్రి కాన్పు చేసింది, ఎంత ముట్టింది, ఏ రోజు బట్టలు ఉతికింది, నది ఎప్పుడు గడ్డకట్టింది అని 27 ఏండ్లు రాసుకొన్నది. అంతకుముందు చూచిన పండితులు, ఇవి ఆడవాళ్ల చిల్లర సంగతులని పక్కన పెట్టారు. ఉల్రిచ్‌కు మాత్రం అందులో ఒక ఊరి బ్రతుకంతా కనబడింది. దాని మీద ఆమె రాసిన పుస్తకానికి 1991లో పులిట్జరు బహుమానం వచ్చింది. ఐదుగురిని కని పెంచిన చేయి గనుకనే ఆ చిల్లర సంగతుల బరువు తెలిసిందని నా అభిప్రాయం.

చియెకో ఒకజాకి సంగతి కూడా చెప్పాలి. హవాయి దీవుల్లో జపాను బౌద్ధ కుటుంబంలో పుట్టి, 15వ ఏట మోర్మోను అయింది. ఇద్దరు కొడుకులను పెంచుతూనే బడిపంతులమ్మగా, తరువాత ప్రధానోపాధ్యాయురాలిగా పని చేసింది. 1990లో ఆమెను రిలీఫ్ సొసైటీ నాయకత్వంలోకి పిలిచారు. 1996లో చేసిన ఒక ప్రసంగంలో ఆమె పండ్ల ఉపమానం చెప్పింది. ఉటాలో మంచి గృహిణి అంటే ఎండాకాలపు పండ్లను సీసాలలో నిలవచేసేది, మన ఇండ్లలో ఆవకాయ జాడీ మాదిరిగా. హవాయిలో ఏడాది పొడుగునా పండ్లు కాస్తాయి; బుట్ట పట్టుకొని వెళ్లి కోసుకొంటే చాలు. సీసా లేనంత మాత్రాన హవాయి తల్లి సోమరి కాదు, బుట్ట లేనంత మాత్రాన ఉటా తల్లి తెలివితక్కువది కాదు అని ఆ మాటల భావం. నేను వారి సిద్ధాంతాన్ని ఒప్పుకొనను గాని ఈ ఉపమానాన్ని మా స్త్రీల కూటములలో చెప్పడానికి సంకోచించను.

పిల్లలు లేని స్త్రీల మాట కూడా వారి రాతల్లో ఉంది. మే నెలలో తల్లుల ఆదివారాన తల్లులందరినీ లేచి నిలబడమని పువ్వులు పంచుతారు. ఆ రోజు ఆరాధనకు రాలేక ఇంట్లోనే ఉండిపోతామని కొందరు రాసుకొన్నారు. 2001లో వారి నాయకురాళ్లలో ఒకరైన షెరి డ్యూ, ఆమె కూడా పెండ్లి కాని స్త్రీయే, ఆదికాండమును చూపి ఒక మాట చెప్పింది. హవ్వకు ఇంకా బిడ్డ పుట్టకముందే జీవముగల వారందరి తల్లి అని పేరు వచ్చింది గనుక స్త్రీలందరూ తల్లులే అని ఆమె వాదన. కొందరికి అది ఓదార్పు అయింది. నాకైతే అంత తృప్తిగా అనిపించదు. షిలోహులో ఏడ్చుచున్న హన్నాతో ఈ మాట చెప్పి ఉంటే ఆమె లేచి భోజనం చేసేదా?

హన్నా గురించి మరొక సంగతి. పాలు విడిచిన పిల్లవానిని ఆమె మందిరంలో విడిచి వచ్చింది. ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకొని వెళ్లేది. పిల్లవాని పక్కన లేని తల్లి ఆ అంగీ కొలత ఎలా తెలుసుకొన్నది? ఎల్లిస్ షిప్ ఫిలడెల్ఫియాలో అదే లెక్క వేసి ఉంటుంది. కువైట్‌లో పనిచేస్తూ పండుగకు బట్టలు పంపే మన గోదావరి జిల్లాల తల్లులు ఇప్పటికీ వేస్తున్నారు. మోషే తల్లి తన బిడ్డకు తానే పాలిచ్చి ఫరో కుమార్తె దగ్గర జీతం తీసుకొన్నది. సామెతలు 31వ అధ్యాయంలోని స్త్రీ పొలం కొన్నది, ద్రాక్షతోట నాటించింది. ఇవన్నీ ఎరిగిన మనం మాతృత్వము మీద ప్రసంగించేటప్పుడు వీటిలో ఏవి చదువుతున్నాం, ఏవి దాటవేస్తున్నాం?

మన సంఘాలలో స్త్రీల సమాజాలు ఎన్నో ఏండ్లుగా ఉన్నాయి. బైబిలు స్త్రీలు, బడిపంతులమ్మలు, నర్సమ్మలు వాటిని నడిపారు. వారి మినిట్సు పుస్తకాలు ఏ వెస్ట్రీ బీరువాలోనో, ఏ అమ్మమ్మగారి ట్రంకుపెట్టెలోనో ఉండి ఉంటాయి. మీ సంఘంలో ఉన్నట్టు తెలిస్తే చెదలు పట్టకముందే తీసి చూడండి. పిల్లలను గురించి, పనిని గురించి, ప్రార్థనను గురించి వారు ఏమి రాసుకొన్నారో నకలు తీసి ఈ శీర్షికకు పంపించండి. చేతిరాత అర్థం కాకపోయినా ఫరవాలేదు, అలాగే పంపండి.